చలి ముదరకముందే టైర్లు మార్చు, అల్లుడా

నిడమనూరు,
అక్టోబరు 13, 2024.

చిరంజీవి అల్లుడికి,

ఇక్కడ వరి ఈనింది, సాగర్ ఎడమ కాల్వలో నీళ్లు నిండుగా పారుతున్నాయి. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, పొద్దున్నే బజారు దాకా నడిచి వస్తోంది. ఇంటి గురించి రంది పెట్టుకోకు.

నిన్న ఫోన్లో కొత్త బండి స్టార్ట్ చేసి ఆ చప్పుడు నాకు వినిపించావు. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాణ్ని, మంచి ఇంజిన్ చప్పుడు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. 2018 మస్టాంగ్ జీటీ, ఎనిమిది సిలిండర్లు, 460 గుర్రాల బలం అని సంబరంగా చెప్పావు. మిర్యాలగూడ మిల్లుల నుంచి పది టన్నుల బియ్యం లాక్కుపోయిన నా లారీకి అందులో నాలుగో వంతు బలమే ఉండేది. నీ కష్టార్జితంతో కొనుక్కున్నావు, సంతోషం. కానీ చివర్లో టైర్లు ఏమున్నాయిరా అని అడిగితే, "కొత్తవే మామా, సమ్మర్ టైర్లు, గ్రిప్ మస్తుంటది" అన్నావు చూడు, ఆ మాటతో రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు.

నువ్వు ఇంటర్ చదివేటప్పుడు హాలియా నుంచి వస్తూ బండి జారి పడ్డావు, గుర్తుందా? రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. మోచేయి చర్మం లేచిపోయింది. మీ నాయన నిన్ను తిట్టబోతే నేనే అడ్డం పడ్డాను. నువ్వు వేగంగా రాలేదు. చక్రానికి, తారుకు నడుమ వడ్లగింజలు చేరాయి. అవి దొర్లుతుంటే బ్రేకు నొక్కినా, హ్యాండిల్ తిప్పినా బండి మాట వినదు. అమెరికాలో నీ డెట్రాయిట్ వైపు డిసెంబరు వస్తే ప్రతి రోడ్డూ వడ్లు ఆరబోసిన రోడ్డే. తేడా ఒక్కటే. వడ్లు పచ్చగా దూరం నుంచే కనపడతాయి. తారు మీద అద్దంలా పరుచుకున్న మంచుపొర కనపడదు, తడి రోడ్డే అనుకుంటాం.

ఇది నేను విని చెబుతున్న మాట కాదు. 1999 నవంబరు ఆఖర్లో ఆపిల్ లోడు కోసం ఖాళీ బండితో కాశ్మీరు వెళ్లాను. బనిహాల్ దగ్గర జవహర్ సొరంగం దాటి ఖాజీగుండ్ వైపు దిగుతున్నాను. తెల్లవారుజాము. ముందురోజు మంచు పడి, కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టింది. అంతకుముందు ఒక సర్దార్జీ నన్ను ఆపి, "చెయిన్లు కట్టుకో భాయ్" అన్నాడు. బండికి కొత్త టైర్లు వేయించి నెల కూడా కాలేదు. గీతలు వేలు దూరేంత లోతున్నాయి. నాకేం అవుతుందిలే అనుకున్నాను. మలుపులో ముందున్న జీపు ఆగింది. బ్రేకు మీద మెల్లగానే కాలు పెట్టాను. చక్రాలు తిరగడం ఆగింది, బండి మాత్రం ఆగలేదు. పది టైర్లూ బిగుసుకుపోయి, లారీ మొత్తం పలకలా జారిపోతోంది. స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు తిరగడం లేదు. క్లీనర్ "అన్నా, లోయ" అని అరిచాడు. కొండవైపు మట్టి కట్టకు బంపర్ ఒరుసుకుని ఎలాగో ఆగింది. కిందికి దిగి చేత్తో టైరు తడిమాను. కొత్త టైరే, కానీ మా వాకిట్లో రుబ్బురోలులా ఉంది, గోరు గుచ్చితే దిగలేదు. డ్రైవింగ్ అంటే చేతుల్లో, కాళ్లలో ఉంటుందని అన్నేళ్లు నమ్మినవాణ్ని. మన చేతులు చెప్పింది రోడ్డుకు చేరవేసేది రబ్బరే, అది మొండికేస్తే ఎంత పనితనమున్నా దండగే అని ఆ పొద్దు తెలిసింది.

సమ్మర్ టైరు మంచిది కాదని నేను అనడం లేదు. నీ బండికి కంపెనీ వేసిన టైరు వేడి రోడ్డు మీద జిగురులా పట్టుకుంటుంది. ఆ గుణం కోసమే దాని రబ్బరు పాకం అలా కలిపారు. కానీ ఏ రబ్బరైనా చలికి బిగుసుకుంటుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగిందంటే సమ్మర్ టైరు మెత్తదనం పోయి గట్టిపడటం మొదలవుతుంది. నీకు ఫారెన్‌హీట్ అలవాటైంది కాబట్టి 45 అని గుర్తుపెట్టుకో. సున్నాకు బాగా కిందికి పోతే కొన్ని రకాల సమ్మర్ టైర్ల గీతల మధ్య బీటలు వస్తాయని, ఆ చలిలో బండి కదిలించొద్దని తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు. మన దగ్గర డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలకు వస్తే చలిమంట వేసుకుంటాం. మీ డెట్రాయిట్ వైపు జనవరిలో రాత్రిళ్లు మామూలుగానే మైనస్ 7 దాకా పోతుంది. ఏడాదికి 110 సెంటీమీటర్ల దాకా మంచు పడుతుంది. అంటే మంచు లేని పొడి రోడ్డు మీద కూడా నాలుగైదు నెలలు నీ టైరు రాయే. చాలామంది ఇక్కడే పొరబడతారు. మంచు టైరు మంచు కురిసిన రోజుకే అనుకుంటారు. అది చలికి వేసుకునే టైరు.

పోయిన ఫిబ్రవరిలో నీ దగ్గరున్నప్పుడు నోవైలో టైర్ల షాపుకు తీసుకెళ్లావు, నీ పాత కరోలాకు గాలి చూపించడానికి. నువ్వు కౌంటరు దగ్గర మాట్లాడుతుంటే నేను బయట పేర్చిన టైర్ల దగ్గర నిలబడ్డాను. చేతి తొడుగు తీసేస్తే వేళ్లు కొంకర్లు పోయే చలి. ఒక సమ్మర్ టైరు గీతల మధ్య ఉన్న రబ్బరు గడ్డ మీద బొటనవేలి గోరు నొక్కాను, కొమ్ము మీద నొక్కినట్టే. పక్కనున్న వింటర్ టైరు మీద నొక్కితే గోరు దిగి, తీయగానే పెన్సిల్ గీత చెరిపే రబ్బరులా పైకి లేచింది. దాని గడ్డల నిండా బ్లేడుతో కోసినట్టు సన్నని, వంకర టింకర చీలికలున్నాయి. బొటనవేలితో ఒక గడ్డను పక్కకు తోస్తే ఆ చీలికలు పెదవుల్లా తెరుచుకున్నాయి. వాటిని సైప్స్ అంటారని షాపు కుర్రాడు చెప్పాడు. ఒక్కో చీలిక అంచూ మంచును గీరి పట్టుకుంటుంది. వెడల్పాటి గాడుల్లో మంచు కూరుకుంటుంది. మంచును మంచే బాగా పట్టుకుంటుంది కాబట్టి అలా కూరుకోవడం కూడా మేలే చేస్తుంది. ఇంకో సంగతి విని నాకు భలే సంతోషమేసింది. 1934లో ఫిన్లాండులో, ఇప్పుడు నోకియన్ టైర్లు చేస్తున్న కంపెనీ మొట్టమొదటి మంచు టైరును లారీల కోసమే చేసిందట. మావాళ్ల బాధ ఎవరో ఒకరికి పట్టింది.

లెక్క కూడా చెబుతాను, నువ్వు ఇంజనీరువి, నీకు లెక్క చెబితేనే నమ్మకం. బండి గంటకు 50 కిలోమీటర్ల మీద పోతోంది అనుకో. పొడి తారు మీద బ్రేకు పట్టిన దగ్గర్నుంచి 12 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద ముప్ఫై మీటర్లు దాటుతుంది. గడ్డకట్టిన మంచు మీదైతే వంద మీటర్ల దగ్గరికి పోతుంది. ఇవి ఘర్షణ లెక్కన వచ్చే సుమారు అంకెలు, కాలు బ్రేకు మీదికి పోయే సమయం ఇందులో కలపలేదు. మంచి టైరు ఈ దూరాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయలేదు. 460 గుర్రాలకు ఇక్కడ పని లేదు. 1,680 కిలోల బండి నాలుగు అరచేతులంత రబ్బరు మీద నిలబడి ఉంటుంది. అంతే.

నీ బండిలో ఇంకో చిక్కుంది. ఇంజిన్ బరువు ముందు, తోసే చక్రాలు వెనక. ఖాళీ లారీ తడి మట్టిలో దిగబడితే వెనక చక్రాలు అక్కడే తిరుగుతాయి చూశావు కదా, అదే తంతు. నీ కరోలాకు ముందు చక్రాలే లాగేవి, వాటి మీదే ఇంజిన్ బరువుండేది, అందుకే ఇన్నాళ్లు సాగింది. ఆ అలవాటుతో ఈ బండిని అంచనా వేయకు. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటరు కొంచెం ఎక్కువ తొక్కితే వెనకభాగం పక్కకు వచ్చేస్తుంది. డిక్కీలో ఇసుక బస్తా వేసుకుంటే చాలని నీ స్నేహితుడెవరో చెప్పాడన్నావు. పాత రోజుల్లో మేమూ అదే చేశాం. బస్తా బరువు పెంచుతుంది, రాయిని రబ్బరు చేయదు.

ఇక ఏది కొనాలో చెబుతాను. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉంటే బురదకు, మంచుకు పనికొస్తుందని అర్థమట. అది గీతల ఆకారాన్ని చూసి ఇచ్చే అక్షరాలు మాత్రమే, రబ్బరు గురించి ఏమీ చెప్పదు. మూడు శిఖరాల కొండ, లోపల మంచురేకు ఉన్న గుర్తు చూడు. ఆ గుర్తు కావాలంటే మంచు మీద పరీక్ష నెగ్గాలి. 1999 నుంచి అమెరికా, కెనడాల్లో ఈ గుర్తు ఉంది. కెనడాలోని క్వెబెక్‌లో చలికాలంలో వింటర్ టైర్లు లేకుండా కారు రోడ్డెక్కడం చట్టరీత్యా నేరం, మొన్న అక్టోబరు 1 నుంచి జర్మనీలో కూడా మంచు రోడ్ల మీద ఈ కొండ గుర్తు లేని టైరు చెల్లదు. అయితే అమెరికాలో ఆ పరీక్ష చూసేది మంచు మీద కదిలే పట్టును. బ్రేకును, మలుపును కాదు. అందుకే ఏడాది పొడవునా వాడే ఆల్ వెదర్ టైర్లకు కూడా ఆ గుర్తు దొరుకుతుంది. మెత్తగా నడిచే ఇంటి బండికైతే అవి సరిపోతాయంటాను. నీ బండికి ఒప్పుకోను.

అసలు వింటర్ టైర్లలోనే రెండు జాతులున్నాయి. ఒకటి స్పోర్ట్స్ కార్ల కోసం చేసినవి, మిషెలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లీ సొట్టోజీరో లాంటివి. చల్లని పొడి రోడ్డు మీద, వేగంలో, మలుపులో స్టీరింగ్ గట్టిగా ఉంటుంది. రెండోది మంచుగడ్డ మీద పట్టు కోసం చేసినవి, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్ ఐస్ లాంటివి. ఇవి ఇంకా మెత్తన. పొడి రోడ్డు మీద కొంచెం ఊగినట్టుంటాయి, వేగం హద్దు కూడా తక్కువ. షాపువాడు నీ బండి చూసి మొదటి రకమే చూపిస్తాడు. నీ మనసూ అటే లాగుతుంది. నా మాట విను, రెండోదే తీసుకో. నువ్వు పొద్దున ఆరున్నరకు బయల్దేరి, మంచు కరగడానికి చల్లే ఉప్పు ఇంకా పడని కాలనీ సందుల్లోంచి హైవే ఎక్కాలి. నీకు గండం అక్కడే ఉంది. డెట్రాయిట్ ఊరి కిందే 350 మీటర్ల లోతున ఉప్పు గని ఉందని, అందులోంచే రోడ్లకు ఉప్పు పోతుందని నువ్వే చూపించావు. ఆ ఉప్పు కూడా చలి మైనస్ 9 దాటితే సరిగా పనిచేయదు. హెచ్ అని రాసి ఉన్న టైరు గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. జనవరిలో అంతకంటే వేగం నీకెందుకు? రెండు మూడు చలికాలాలు ఈ బండి గుణం తెలిశాక అప్పుడు స్పోర్ట్స్ రకం ఆలోచిద్దువు.

సైజు దగ్గర జాగ్రత్త. ముందు 255/40 ఆర్ 19, వెనక 275/40 ఆర్ 19 అని ఫోటోలో చూశాను. వెడల్పు టైరు ఎండాకాలానికి అందం. మంచులో సన్నటి టైరే నయం, మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, వెడల్పుది పడవలా పైన తేలుతుంది. నీ చిన్నప్పుడు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ బిగించడం చూడటానికి గట్టు మీద కూర్చునేవాడివి. మడిలో దిగడానికి ఒక చక్రం, తారు రోడ్డుకు ఒక చక్రం. మన రైతుకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. అలాగే నువ్వు ఒక అంగుళం చిన్న డిస్కులు, అంటే రిమ్ములు, నాలుగు వేరే కొనుక్కో. నాలుగింటికీ 235/50 ఆర్ 18 వేస్తే చుట్టుకొలత దాదాపు అంతే వస్తుంది. లెక్క చూశాను, ఇప్పటి ముందు టైరు ఎత్తు 687 మిల్లీమీటర్లు, ఇది 692. టైరు గోడ ఎత్తు పెరుగుతుంది కాబట్టి మంచు కింద దాగిన గుంతలో పడినా డిస్కు అంత తేలిగ్గా వంగదు. నాలుగూ ఒకే సైజు అయితే ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకోవచ్చు, సమంగా అరుగుతాయి. కానీ నీ బండికి పెద్ద బ్రేకులున్నాయి. టైరు ఎక్కించకముందే ఉత్త డిస్కు ఒకటి ముందు చక్రానికి బిగించి, చేత్తో తిప్పి, క్యాలిపర్‌కు తగలడం లేదని కళ్లారా చూడు. తగిలితే 19 అంగుళాలకే నాలుగూ 255/40 తీసుకో. డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్న బరువును కొత్త టైర్లు మోయగలవో లేదో చూసుకో.

వెనక చక్రాలే కదా తోసేవి, వెనక రెండే మారిస్తే డబ్బు మిగులుతుందని అనుకోవద్దు. వెనక పట్టుండి ముందు లేకపోతే స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతుంది. కాశ్మీరులో నన్ను లోయ దగ్గరికి తీసుకెళ్లింది ముందు చక్రాలకు పట్టు పోవడమే. నాలుగూ మార్చు.

వాడినవి చవగ్గా వస్తాయని ఎవరి గ్యారేజీ నుంచో తేవద్దు. టైరు గోడ మీద డాట్ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడు. 3224 అని ఉంటే 2024లో 32వ వారంలో తయారైందని అర్థం. ఎంత లోతు గీతలున్నా రబ్బరు ముసలిదైతే గట్టిబడుతుంది. కొత్తవి వేయించాక మొదటి ఐదు వందల మైళ్లు మెత్తగా నడుపు, పైపొర అరిగితేగాని అసలు పట్టు రాదు. నూరు మైళ్ల తర్వాత వీల్ నట్లు మరోసారి బిగించుకో. ఇది లారీ డ్రైవరుకు తెలిసిన పాఠం, కారు వాళ్లు మర్చిపోతారు. గీతల లోతు నాలుగు మిల్లీమీటర్లకు దిగాక ఆ టైరు మంచుకు పనికిరాదు. చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది, చట్టాన్ని నమ్ముకోకు.

గాలి సంగతి. చలికి గాలి కుంచించుకుపోతుంది. సెప్టెంబరులో 32 కొట్టించి వదిలేస్తే జనవరి పొద్దున 26 చూపిస్తుంది. బండి తిప్పకముందు, చల్లగా ఉన్నప్పుడే, పదిహేను రోజులకోసారి చూసుకో. డిస్కులు కొనేటప్పుడు గాలి సెన్సార్లు కూడా పెట్టించు, లేకపోతే మీటరు మీద ఆ పసుపు దీపం చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది, నువ్వు దాన్ని పట్టించుకోవడం మానేస్తావు.

టైర్లు, డిస్కులు అన్నీ కలిపి వెయ్యి డాలర్లు దాటుతాయి, నాకు తెలుసు. పక్కన పెట్టిన సమ్మర్ టైర్లు ఆ ఐదు నెలలు అరగవు, ఆ అందమైన డిస్కులకు ఉప్పు తగలదు, కాబట్టి ఖర్చు అనుకున్నంత కాదు. అయినా ఆ లెక్క పక్కన పెట్టు. దసరాకు పంపిన డబ్బులు మీ అమ్మ ముట్టుకోలేదు, నీకు అవసరమైతే తిరిగి వేస్తానంటోంది. మొహమాటపడకు. నా దగ్గర కూడా ఉన్నాయి.

అక్టోబరు నెలాఖరుకల్లా మార్పించు. మొదటి మంచు పడిన రోజు షాపు ముందు వరుసలో నిలబడేవాళ్లు వందమంది ఉంటారు. ఏప్రిల్‌లో పొద్దున చలి 7 డిగ్రీలు దాటాక తీసేయి. ఎండలో మెత్త టైరు మైనంలా అరిగిపోతుంది. తీసిన టైర్లను సంచుల్లో చుట్టి ఎండ పడని చోట పెట్టు.

బండి నడపడం గురించి ఎక్కువ చెప్పను, నీకు వచ్చు. మీటరులో స్నో అనే మోడ్ ఉంది కదా, మంచులో అదే పెట్టుకో. ముందు బండికి మామూలు కంటే మూడింతల దూరం వదులు. మొదటి మంచు రోజున ఖాళీ పార్కింగ్ స్థలంలో, ఎవరూ లేనప్పుడు, ఇరవై మైళ్ల వేగంలో బ్రేకు నొక్కి చూడు, ఎక్కడ ఆగుతుందో నీ కళ్లతో చూస్తేనే ఒంటబడుతుంది. నేల నుంచి నీ బండి అడుగుభాగం జానెడు ఎత్తు కూడా లేదు. మంచు దానికి తగిలే ఎత్తు పడితే ఎంత మంచి టైరైనా చేసేదేమీ లేదు, ఆ రోజు ఇంట్లోంచే పని చేసుకో, లేదంటే పక్కింటి తమ్ముడి బండిలో వెళ్లు.

టైర్లు మార్చిన రోజు నాలుగు చక్రాల ఫోటోలు పెట్టు. బండి ముందు నిలబడి దిగిన ఫోటో మీ అమ్మకు పంపు. నాకు మాత్రం టైరు గోడ దగ్గర్నుంచి తీసినవి కావాలి, ఆ కొండ గుర్తు, డాట్ చివరి నాలుగు అంకెలు స్పష్టంగా కనపడాలి. నేను కళ్లజోడు పెట్టుకుని చదువుతాను. కాశ్మీరు సంగతి మీ అత్తకు ఈ రోజు వరకూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఉంటాను బిడ్డా.

నీ మామ